అవి విరేచనాలు కావు, కుందేలు తినకుండా వదిలేసిన మెత్తటి పెంట

ప్రశ్న: మా ఇంట్లో మూడేళ్ల ఆడ కుందేలు ఉంది. బరువు 3.4 కిలోలు. నిరుడు 2.5 ఉండేది. నెల రోజులుగా విరేచనాలు అవుతున్నాయి. నల్లగా, జిగటగా, ముక్కు మూసుకునేంత వాసనతో తోక కింద అంటుకుంటోంది. గడ్డి, ఆకుల వల్లే ఇలా అవుతోందని షాపువాళ్లు చెబితే రెండూ మానిపించాం. ఇప్పుడు పెల్లెట్లు (సంచిలో వచ్చే గుళికల మేత), అరటిపండు ముక్కే మేత. గిన్నె ఖాళీ కాగానే మళ్లీ నింపుతాం. విరేచనాలు కట్టడానికని ఒక సిరప్ కూడా ఇచ్చారు. మధ్యలో అది తన పెంట తానే తింటుంటే చూసి, ఆ అలవాటు మాన్పించాలని వారం క్రితం మెడకు గరాటులాంటి కాలర్ వేశాం. అప్పటినుంచి ఇంకా ఎక్కువైంది. గుండ్రటి పెంటికలు మాత్రం రోజూ వేస్తోంది, కాకపోతే చిన్నవిగా ఉంటున్నాయి. ఒక రోజు పస్తు ఉంచమంటున్నారు. ఉంచవచ్చా?

జవాబు: పస్తు ఉంచకండి. కాలర్ తీసేయండి. ముందు వెళ్లి తీసి రండి, మిగతాది తర్వాత చదవవచ్చు.

మీ కుందేలుకు విరేచనాలు లేవు. గుండ్రటి పెంటికలు రోజూ వేస్తోందని మీరే రాశారు. అసలైన విరేచనాల్లో ఆ గుండ్రటివి కనబడవు, వచ్చేదంతా నీళ్లే. అది గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది తప్ప నెల రోజులు సాగదు. మీరు చూస్తున్నది కుందేలు తినవలసిన మెత్తటి పెంట. సీకోట్రోప్ అంటారు.

కుందేలు రెండు రకాల పెంట వేస్తుంది. తిన్న మేతను పెద్దపేగు మొదట్లోనే జల్లెడ పట్టినట్టు వేరు చేస్తుంది. ముతక పీచు ముందుకు జరిగి గుండ్రటి పెంటికలుగా బయటికి వచ్చేస్తుంది. మెత్తటి పిండిలాంటి భాగం, నీరు వెనక్కి మళ్లి సీకం అనే పెద్ద సంచిలో చేరతాయి. అక్కడ సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి బి విటమిన్లు, కె విటమిన్, మాంసకృత్తులు తయారుచేస్తాయి. అది బయటికి వచ్చే వేళకు కుందేలు వంగి, నేరుగా నోటితో అందుకుని మింగేస్తుంది. ఆవు నెమరు వేస్తే మనకు అసహ్యం వేయదు. కుందేలు చేసేదీ దాదాపు అదే పని, దారి మాత్రం వేరు. మీరు దాన్ని దురలవాటు అనుకుని కాలర్ వేశారు. వారం రోజులుగా దాని నోటి దగ్గరి మేతలో కొంత లాగేసినట్టయింది.

ఒకసారి చేత్తో చూసి తేడా తెలుసుకోండి. గుండ్రటి పెంటికను వేళ్ల మధ్య నలిపితే రంపపు పొట్టులా పొడిగా రాలుతుంది, అందులో గడ్డి పోగులు కనబడతాయి, వాసన దాదాపు ఉండదు. మెత్తటిది చిన్న చిన్న నల్లటి గింజలు గుత్తిగా అతుక్కున్నట్టు ఉంటుంది. పైన జిగురు పొర మెరుస్తుంది. అది చెడకుండా గుత్తిగానే ఉంటే లోపల పులియడం బాగానే జరుగుతోంది, కుందేలుకు అందుకోవడమే కుదరడం లేదు అని అర్థం. గుత్తి కట్టకుండా ముద్దగా, పేస్టులా పడుతుంటే మేతలో పిండి, చక్కెర ఎక్కువై సీకం లోపలే తేడా వచ్చింది. మీ కుందేలుకు రెండూ ఉన్నాయని నా అనుమానం.

ఎందుకంటే కాలర్ వేయకముందే మూడు వారాలుగా ఈ బాధ ఉంది. ఏడాదిలో 900 గ్రాములు పెరిగింది. అంత కొవ్వుతో కుందేలు వెనక్కి వంగి మూతిని తోక కిందికి చేర్చలేదు. పైగా గడ్డి అనేదే లేదు. ఆ షాపులో చెప్పిన సలహా సరిగ్గా తలకిందులు. కుందేలు పేగును కదిలించేదే పీచు. అది తగ్గితే కదలిక మందగిస్తుంది, పెంటికలు చిన్నవవుతాయి. మీరు రాసిన గుర్తు అదే.

చేయవలసింది ఇది. ఎండుగడ్డి ఈ రోజునుంచే, ఇరవై నాలుగు గంటలూ, ఎంత తింటే అంత. రోజుకు కనీసం దాని శరీరమంత కట్ట దాని ముందు ఉండాలి. దుమ్ము, బూజు లేనిదై ఉండాలి. పెద్ద కుందేలుకు లూసర్న్ అనే పశుగ్రాసం వద్దు. అందులో మాంసకృత్తులు, కాల్షియం ఎక్కువ, అది పిల్లలకు సరిపోతుంది. అరటిపండు, క్యారెట్, బిస్కెట్, గింజలు ఈ పూటనుంచే బంద్. వీటిని మెల్లగా తగ్గించనక్కరలేదు.

పెల్లెట్లను మాత్రం ఒక్కసారిగా ఆపకండి. రెండు రోజులు తూచి, రోజుకు ఎన్ని గ్రాములు తింటోందో రాసుకోండి. తర్వాత ప్రతి ఐదు రోజులకు ఆ మొత్తంలో నాలుగో వంతు చొప్పున తగ్గిస్తూ 50 గ్రాముల దగ్గర ఆగండి. అది రోజు మొత్తానికి, రెండు పూటలుగా. ఉండవలసిన బరువు 2.5 కిలోలు అనుకుని, కిలోకు 20 గ్రాముల లెక్కన చెబుతున్నాను. గుప్పెడు, దోసెడు అనే కొలతలు నాకు చెప్పకండి, వంటింటి త్రాసు వాడండి. పెల్లెట్ సంచి మీద పీచు శాతం చూడండి. 18 కంటే తక్కువ ఉంటే ఆ రకమే మార్చండి, అదీ పాతదానిలో కొద్దికొద్దిగా కలుపుతూ. రంగురంగుల గింజలు కలిపిన మిశ్రమం అసలే వద్దు. కుందేలు అందులో తీపి గింజలు ఏరుకుని, పీచున్నవి గిన్నెలోనే వదిలేస్తుంది.

రెండు వారాలు గడ్డి బాగా తిన్నాక ఆకులు మళ్లీ మొదలుపెట్టండి. ఒక్కో రకం, మూడు రోజులకొకటి, మొదట గుప్పెడు. ఏ ఆకుతో మెత్తటి పెంట మిగిలితే దాన్ని మానేయండి. 50 గ్రాములకు వచ్చి మూడు వారాలైనా మెత్తటిది వదిలేస్తూనే ఉంటే, రెండు వారాలు పెల్లెట్లు పూర్తిగా ఆపి గడ్డి మీదే ఉంచండి. నీళ్లు గిన్నెలో పెట్టండి, సీసా నాజిల్ కంటే గిన్నెలోంచే ఎక్కువ తాగుతాయి.

బరువు వారానికోసారి చూడండి. వారానికి 50 గ్రాములకు మించి తగ్గకూడదు. అంటే నాలుగైదు నెలల పని, తొందర లేదు. పస్తు ఎందుకు వద్దన్నానంటే, లావు కుందేలు ఒక్క రోజు తినకపోయినా ఒంట్లోని కొవ్వు కాలేయంలోకి చేరి అది చెడిపోతుంది. పేగు కూడా ఆగిపోతుంది. కుందేలు వాంతి చేసుకోలేదు కాబట్టి ఆపరేషన్‌కు ముందు కూడా మేము పస్తు పెట్టం.

ఇక ఆ సిరప్. సీసా మీద పేరు మీరు రాయలేదు, అందుకే నాకు ఎక్కువ దిగులు. విరేచనాలు కట్టే మందైతే (లోపరమైడ్ లాంటిది) అసలే మందగించిన పేగును ఇంకా ఆపుతుంది. యాంటీబయాటిక్ అయితే ఇంకా ప్రమాదం. అమోక్సిసిలిన్, ఆంపిసిలిన్, సెఫలెక్సిన్, లింకోమైసిన్, క్లిండమైసిన్: వీటిని కుందేలుకు నోటిద్వారా ఇవ్వకూడదు. సీకంలో మేలు చేసే సూక్ష్మజీవులు చచ్చి, క్లాస్ట్రీడియం అనే చెడ్డ సూక్ష్మజీవి పెరిగి విషం తయారవుతుంది. అప్పుడు వచ్చేవి నిజమైన విరేచనాలు. మందు మొదలుపెట్టిన కొన్ని రోజులకు వచ్చి, ఒకటి రెండు రోజుల్లో చంపుతాయి. కుక్కకు, పిల్లికి, చంటిపిల్లకు పనిచేసింది కదా అని షాపుల్లో ధైర్యంగా చేతిలో పెడతారు. అమ్మేవాడికి పేగు చూపించి నేర్పినవాళ్లు ఎవరూ లేరు, తప్పు అతనిది కూడా కాదేమో. కానీ పోసేది మీ చేయి. ఈగలు, పేలు పడ్డాయని ఫిప్రోనిల్ స్ప్రే అంటగట్టినా తీసుకోకండి, కుందేలుకు అది విషం. పెరుగు, ప్రోబయాటిక్ పొడి అని ఎవరైనా చెబుతారు. పెరుగు అక్కరలేదు, పొడి అవసరం నాకైతే ఎప్పుడూ కనబడలేదు.

తోక కింద శుభ్రం చేయడం: మొత్తం స్నానం చేయించకండి, భయానికి, చలికి కుదేలవుతుంది. గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డతో అంటుకున్నచోట మాత్రమే నానబెట్టి, మెల్లగా తుడిచి, పూర్తిగా ఆరబెట్టండి. పొడి గడ్డలను లాగకండి, కుందేలు చర్మం పలచన, చిరుగుతుంది. కత్తెర మీరు పట్టకండి, వైద్యుడి దగ్గర కత్తిరించుకోండి. ఆ తర్వాత పొద్దున, సాయంత్రం రెండుసార్లూ ఎత్తి చూడాలి. వెచ్చటి రోజుల్లో ఈగ గుడ్లు పెడితే ఒక్క రోజులోనే పురుగులు పుట్టి చర్మంలోకి తొలుస్తాయి. తెల్లటి బియ్యపు నూకలాంటివి వెంట్రుకల్లో కనబడితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పళ్లు కూడా చూపించండి. నెల రోజులు గడ్డి లేకుండా ఉంది. కుందేలు పళ్లు ఇరవై ఎనిమిదీ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ముందరివి వారానికి సుమారు 2 మి.మీ. దవడ పళ్లను పక్కకు రుద్ది అరగదీసేది గడ్డే. అరగకపోతే అంచులు ముళ్లలా పెరిగి నాలుకను, బుగ్గను గీస్తాయి. గడ్డి పెట్టినా తినకుండా వాసన చూసి వదిలేస్తుంటే, గడ్డం తడిగా ఉంటే అదే కారణం కావచ్చు. ముందరి పళ్లు బాగున్నాయని తృప్తి పడకండి, లోపలివి లైటు వేసి చూడాలి. ఆ పనిలోనే నడుము, వెనక కాళ్ల కీళ్లు, పాదాల అడుగున పుండ్లు కూడా పరీక్ష చేయించండి. నొప్పి ఉన్న కుందేలు వంగదు.

పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా, గుండ్రటి పెంటికలు ఆగిపోయినా, పొట్ట బిగుసుకుని పళ్లు కొరుకుతూ మూలన ముడుచుకున్నా, నీళ్ల విరేచనం అయినా, తెల్లవారే వరకు ఆగకండి. చెవులు చల్లబడి, ఒంటి వేడి 38 డిగ్రీల సెల్సియస్ కంటే దిగితే ఇంకా తొందర. పొట్ట ఉబ్బి ఉంటే సిరంజితో మేత పోయకండి.

ఇప్పుడే ఆ సిరప్ సీసా మీది పేరు చదివి, పైన రాసిన పేర్లలో ఏదైనా ఉంటే ఎన్ని మి.లీ. ఎన్ని రోజులు పోశారో రాసుకుని ఈ రోజే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. సీసా కూడా వెంట తీసుకెళ్లండి. వెళ్లేదాకా సిరప్ పోయకండి. కాలర్ తీయడం, అరటిపండులాంటివి ఆపడం, ఎండుగడ్డి, నీళ్లు పెట్టడం తప్ప ఇంకేమీ మార్చకండి.