ఏసీఎల్ ఆపరేషన్‌లో టైటానియం స్క్రూనా, కరిగిపోయే స్క్రూనా?

మోకాల్లో తెగిన ఏసీఎల్ అనే లిగమెంటు (ఎముకల్ని కలిపి పట్టే పట్టీ) స్థానంలో కొత్తది అమర్చే ఆపరేషన్‌కి డాక్టరుగారు టైటానియం స్క్రూ వేస్తానన్నారు, కరిగేదే వేయమని పట్టుబట్టాలా అని మీరు అడిగారు. నన్నడిగితే అక్కర్లేదండి.

నాకు హ్యామ్‌స్ట్రింగ్ గ్రాఫ్టుతో, అంటే తొడ వెనక కండరాల టెండన్ (స్నాయువు) తీసి దాన్నే కొత్త లిగమెంటుగా వేసి చేశారు. మోకాలి కింది ఎముకలో కరిగే స్క్రూ, పైన తొడ ఎముకకి చిన్న బటన్. ఆ బటన్ టైటానియందే! చాలామందికి ఇలాగే వేస్తారు. కాబట్టి ఒంట్లో లోహమే వద్దనుకుంటే స్క్రూ ఒక్కదాని గురించి అడిగితే సరిపోదు, రెండు చివర్లా ఏం వేస్తున్నారో అడగండి.

ఎముకలో తొలిచిన సొరంగంలో గ్రాఫ్టుని గోడకి అదిమి పట్టుకోవడమే స్క్రూ పని. హ్యామ్‌స్ట్రింగ్ అయితే ఇంచుమించు 8 నుంచి 12 వారాల్లో, ఎముక ముక్కలతో సహా తీసిన పటెల్లర్ టెండన్ (మోకాలిచిప్ప కింది టెండన్) అయితే 6 వారాల ప్రాంతంలో గ్రాఫ్టు ఎముకకి అతుక్కుంటుంది. అక్కణ్ణుంచి స్క్రూ మీద పెద్దగా భారం ఉండదు.

ఇక కరగడం సంగతి. కరిగే కుట్లలా వారాల్లో మాయమైపోతుందనుకోకండి. వీటిలో ఎక్కువగా వాడే పాలీలాక్టిక్ ఆమ్లం ఒంట్లోని నీటితో మెల్లగా విడిపోయి చివరికి నీరు, కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. అందుకు ఏళ్లు పడుతుంది. కరిగిన చోట ఎముక పూర్తిగా పూడుతుందన్న హామీ కూడా లేదు. అందుకే కొన్నిట్లో ఎముక పెరగడానికి తోడ్పడే ట్రైకాల్షియం ఫాస్ఫేట్ అనే ఖనిజం కలుపుతున్నారు. నాకు చాలాకాలం తర్వాత వేరే నొప్పికి ఎంఆర్ఐ తీస్తే స్క్రూ ఆకారం ఇంకా అలాగే కనబడింది. నేను కంగారుపడ్డాను, సర్జన్ మాత్రం మామూలే అన్నారు. కొందరికి ఆ చోట నీరు చేరి తిత్తిలా వాపు వస్తుంది. బిగించేటప్పుడే స్క్రూ విరగడం కూడా ఉంది, లోహంతో ఆ బెడద తక్కువ.

టైటానియం ఉన్నా ఎంఆర్ఐ తీయించుకోవచ్చు, కాకపోతే స్క్రూ చుట్టూ బొమ్మ కాస్త చెదురుతుంది. అసలు ఇబ్బంది గ్రాఫ్టు మళ్లీ తెగి రెండో ఆపరేషన్ కావాల్సి వచ్చినప్పుడు. పాత స్క్రూ కొత్త సొరంగానికి అడ్డమైతే తీయాలి, తీస్తే అక్కడ గుంత మిగులుతుంది. ఈ రెండూ కాక పీక్ అనే గట్టి ప్లాస్టిక్ స్క్రూ కూడా ఉంది. అది కరగదు, ఎంఆర్ఐ బొమ్మనీ చెదరగొట్టదు.

2016లో కోక్రేన్ (వైద్య అధ్యయనాల్ని కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్ష లోహపు స్క్రూలనీ, కరిగేవాటినీ పోల్చిన 12 అధ్యయనాల్ని కలిపి చూసింది, వాటిలో మొత్తం 944 మంది పాల్గొన్నారు. మోకాలి పనితీరులో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. స్క్రూ విరగడం లాంటి వైఫల్యాలు మాత్రం కరిగేవాటిలోనే ఎక్కువ. ఆధారాలు అంత బలమైనవి కావని వాళ్లే రాశారు, అయినా కరిగేదే మేలన్న ప్రచారానికి ఇది ఎదురే కదా!

నేనైతే మీ సర్జన్ చేయి దేనికి బాగా అలవాటు పడిందో అదే వేయమంటాను. ఏది వేసినా ఇంప్లాంట్ స్టిక్కర్‌ని (వేసిన స్క్రూ, బటన్ వివరాలుండే చీటీని) డిశ్చార్జి ఫైల్లో అంటించమనండి. రేపు ఎంఆర్ఐ తీసేవాళ్లయినా, ఇంకో సర్జన్ అయినా ముందు అడిగేది అదే.