కాంగ్స్‌ఫియోర్డ్‌లో ఒక్క వేసవి నమూనాలతో ఏం తేలుతుంది?

"ఆర్కిటిక్‌లోని నార్వే దీవులు స్వాల్‌బార్డ్‌లో ఉన్న కాంగ్స్‌ఫియోర్డ్‌లో ఒక వేసవంతా నమూనాలు తీస్తే, సముద్రం వేడెక్కడం వల్ల జంతు ప్లవకాలు (నీటితో కొట్టుకుపోయే చిన్న జంతువులు) ఎలా మారుతున్నాయో చెప్పొచ్చా?" అని అడిగారు.

చెప్పలేం. అట్లాంటిక్ నీరు ఆ ఫియోర్డ్‌లోకి (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన ఇరుకు సముద్రపాయలోకి) ఏటా ఒకేలా రాదు. వలలో అట్లాంటిక్ జాతి ప్లవకం కాలానస్ ఫిన్‌మార్కికస్ ఎక్కువ పడిందంటే అక్కడే పెరిగిందో, నీటితో కొట్టుకొచ్చిందో తెలియదు. కాబట్టి వల దించే ముందు ప్రతిసారీ సీటీడీ (లోతును బట్టి ఉష్ణోగ్రత, లవణీయత కొలిచే పరికరం) దించండి. 3 డిగ్రీల సెల్సియస్, 34.65 లవణీయత రెండూ దాటితే అక్కడ అట్లాంటిక్ నీరుగా లెక్కిస్తారు. 2014లో అక్కడ దించిన భారత్ ఇండార్క్ మూరింగ్ (నీటిలో కట్టి ఉంచే పరికరాల వరుస) కొలతలు దొరుకుతాయేమో అడిగి చూడండి. ఆ పనిలో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ కూడా ఉంది.

అసలు చిక్కు మన పద్ధతిలోని లోపమే సముద్రంలో మార్పులా కనిపించడం. 0.25 చదరపు మీటర్ల నోరున్న డబ్ల్యూపీ2 అనే ప్రామాణిక ప్లవక వలను 50 మీటర్ల లోతు నుంచి సెకనుకు అర మీటరు చొప్పున లాగితే 12.5 ఘనపు మీటర్ల నీరు వడకట్టాలి. వసంతంలో ఫియోసిస్టిస్ అనే శైవలం జిగురు వల కన్నాలను పూడ్చేస్తే అంత నీరు పోదు. వలలోంచి పోయిన నీటిని కొలిచే ఫ్లోమీటర్ లేకపోతే ప్లవకాలే తగ్గాయని రాసేస్తారు. 200 మైక్రాన్ల కన్నాలున్న వలలోంచి ఓయిథోనా అనే చిన్న ప్లవకం పిల్లదశలు జారిపోతాయి. చిన్న జాతులు పెరుగుతున్నాయా అన్నదే మీ ప్రశ్నయితే 50–60 మైక్రాన్ల వల కూడా తప్పనిసరి.

కాలానస్‌ను పొడవు చూసి గుర్తించి వదిలేయకండి. చిన్నగా ఉన్న ఆర్కిటిక్ జాతి కాలానస్ గ్లేసియాలిస్‌ను ఫిన్‌మార్కికస్‌గా లెక్కేస్తే, లేని "అట్లాంటిక్ జాతుల పెరుగుదల" పట్టికలోకి ఎక్కుతుంది. ప్రతి నమూనాలో కొంత భాగాన్ని 95 శాతం ఇథనాల్‌లో దాచి, మర్నాడు ఇథనాల్ మార్చి, డీఎన్ఏ పరీక్షతో సరిచూడండి. ఫార్మాలిన్‌లో ఉంచినవాటి డీఎన్ఏ దెబ్బతింటుంది. లెక్కింపుకు 4 శాతం ఫార్మాలిన్ సరిపోతుంది, కానీ బోరాక్స్ కలపాలి. కలపకపోతే ఫార్మాలిన్ ఆమ్లత్వానికి లిమాసినా అనే చిన్న సముద్ర నత్తల పెంకులు సీసాలోనే కరుగుతాయి, సముద్ర ఆమ్లీకరణ దెబ్బ అనిపిస్తుంది. పెంకు అరుగుదలే చూడాలంటే వాటిని అప్పటికప్పుడు ఏరి ఫ్రీజ్ చేయడం నయం.

చేతిలో ఒక్క వేసవే ఉంటే ప్రశ్న మార్చుకోండి. ఫియోర్డ్ ముఖద్వారం నుంచి క్రోనెబ్రీన్ హిమానీనదం దాకా అదే వారంలో, అదే వలతో, అదే లోతులో పోల్చండి. కరిగిన నీరు ప్లవకాలను ఏం చేస్తోందో అందులో నిజంగా కనిపిస్తుంది. హిమానీనదం దగ్గర బురద వల్ల క్లోరోఫిల్ కొలవడానికి నీరు వడకట్టే ఫిల్టర్లు త్వరగా పూడుకుపోతాయి. అక్కడ లీటరే కావాలని పట్టుబట్టకుండా ఎంత వడకట్టగలిగితే అంతే తీసుకుని, ఆ మిల్లీలీటర్లను సీసా మీదే రాయండి.