సీఎస్‌ఈ సీటు కోసం ఎకరం అమ్మాలా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మూడెకరాల బత్తాయి తోట, ఆదాయ సర్టిఫికెట్ 1.4 లక్షలకు ఉంది, బీసీ-డీ. ఎప్‌సెట్‌లో పాపకు 31 వేల ర్యాంకు. కన్వీనర్ కోటాలో (ర్యాంకును బట్టి సర్కారు కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీటు) ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్ వచ్చింది, ఫీజు ఏడాదికి లక్ష. వేరే కాలేజీ మేనేజ్‌మెంట్ కోటాలో (కాలేజీయే నింపుకునే సీటు) సీఎస్‌ఈకి, అంటే కంప్యూటర్ సైన్స్‌కు నాలుగేళ్లకు 12 లక్షలు అడుగుతోంది. అందులో 3 లక్షలు ముందే నగదుగా ఇయ్యాలట. ఎకరం అమ్మేద్దామా?

జవాబు: అమ్మొద్దు.

కన్వీనర్ సీటు లెక్క చూడండి. పదివేలు దాటిన ర్యాంకు కాబట్టి సర్కారు కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఏడాదికి 35 వేలే. మీ చేతి నుంచి 65 వేలు, నాలుగేళ్లకు 2.6 లక్షలు. మేనేజ్‌మెంట్ సీటుకు రీయింబర్స్‌మెంట్ అసలు లేదు. కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లకు కాలేజీలో జరిగే స్పాట్ అడ్మిషన్‌కూ లేదు.

ఇక ఆ 3 లక్షలు. కాలేజీ పేరున రసీదు అడిగి చూడండి, ఇవ్వరు. డొనేషన్ వసూలును 1983 నుంచే చట్టం నిషేధించింది. రసీదు లేని సొమ్ముకు లోను రాదు, రేపు సీటు వదులుకుంటే తిరిగి అడగడానికీ ఆధారం ఉండదు. మిగిలిన 9 లక్షలకు లోను అంటే, 7.5 లక్షలు దాటితే బ్యాంకు తాకట్టు అడుగుతుంది. పది శాతం వడ్డీతో, చదువు ముగిశాక ఏడాది ఆగి కట్టడం మొదలుపెడితే బాకీ 12 లక్షలు దాటుతుంది. ఏడేళ్ల కిస్తీ నెలకు దాదాపు 20 వేలు. సర్వీసు కంపెనీలు ఫ్రెషర్లకు ఇచ్చేది ఏడాదికి మూడున్నర లక్షల దరిదాపుల్లోనే. పైగా ఆ కంపెనీలు ఈసీఈ పిల్లలనూ అదే జీతానికి తీసుకుంటాయి. మూడో ఏడు వచ్చేసరికి అమ్మాయికి కోడింగ్ బాగా వస్తే చాలు. ముప్పై శాతం సీట్లు డబ్బున్నవాళ్లకు వదిలేసిన పద్ధతి ఇది. ఆ వేలంలోకి మీరు తోటతో దిగడం నాకు సబబనిపించడం లేదు.

అదే 2.6 లక్షలకు లోను తీసుకుంటే 4 లక్షల లోపే కాబట్టి తాకట్టు, మార్జిన్ (మీ వంతు సొమ్ము) అడగరు. కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉండి, కాలేజీకి న్యాక్ గుర్తింపు గానీ కోర్సుకు ఎన్‌బీఏ గుర్తింపు గానీ ఉంటే చదువు కాలం వడ్డీని కేంద్రమే కడుతుంది. లోను మంజూరు రోజే బ్రాంచిలో ఆ సబ్సిడీ దరఖాస్తు పెట్టండి, తర్వాత ఎవరూ గుర్తు చేయరు. వడ్డీ మాఫీ అయితే కిస్తీ 4,300, కాకపోతే 5,800 దాకా.

సీఎస్‌ఈయే కావాలంటే చివరి విడత కౌన్సెలింగ్ ఉంది. నల్లగొండ ఎంజీయూ (మహాత్మాగాంధీ యూనివర్సిటీ), వనపర్తి జేఎన్‌టీయూహెచ్ కాలేజీలూ చూడండి. కొత్త సీటు వస్తే పాతది దానంతటదే పోతుంది, అందుకని ఈసీఈ కంటే మేలనుకున్నవే ఆప్షన్లలో పెట్టండి.

చిక్కు ఒకటుంది. సర్కారు బకాయిలు పడితే కాలేజీలు ఆ 35 వేలు మిమ్మల్నే కట్టమంటాయి, లేదా చివర్లో మెమోలు, టీసీ ఆపుతాయి. బత్తాయి కాపు డబ్బులోంచి ఏటా 35 వేలు విడిగా ఎఫ్‌డీ వేసుకోండి. ఈ-పాస్ (రీయింబర్స్‌మెంట్ దరఖాస్తు వెబ్‌సైట్) రెన్యువల్ ఏటా చేయాలి, హాజరు 75 శాతం తగ్గకూడదు. టెన్త్ మెమోలో, ఆధార్‌లో అమ్మాయి పేరు, ఇంటిపేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయా? లేకపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది, ఈ వారమే ఆధార్ సరిచేయించండి.