రిపోర్టులో వైరస్ కనిపించలేదు, మాత్ర ఆపవచ్చా?

ప్రశ్న: నా వయసు 42. రక్తదానం చేసినప్పుడు హెపటైటిస్ బి ఉందని బయటపడింది. మూడేళ్లుగా రోజూ టెనోఫొవిర్ మాత్ర వేసుకుంటున్నాను. ఈసారి పరీక్షలో వైరస్ డీఎన్ఏ కనిపించలేదు, కాలేయం దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ మామూలుగా ఉంది. మా బావగారికి హెపటైటిస్ సి మూడు నెలల మందుతోనే నయమైంది. నాకూ నయమైనట్టేనా? మాత్ర మానేసి నేల ఉసిరి వాడమని ఇంట్లో అంటున్నారు.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ రిపోర్టు చాలా మంచి రిపోర్టు, అయినా మీ అంతట మీరు మాత్ర ఆపకండి. బి వైరస్ కాలేయ కణాల కేంద్రకంలో వలయాకారపు డీఎన్ఏగా పాతుకుపోతుంది. టెనోఫొవిర్, ఎంటెకావిర్ వంటి మందులు అక్కడి నుంచి కొత్త వైరస్ పుట్టకుండా అడ్డుకుంటాయే తప్ప ఆ మూలాన్ని తుడిచిపెట్టలేవు. అందుకే మందు హఠాత్తుగా మానేసినవారిలో వైరస్ మళ్లీ విజృంభించి, కొందరిలో కాలేయం పూర్తిగా దెబ్బతిని ప్రాణం మీదకు వస్తుంది. హెపటైటిస్ సి వైరస్‌కు ఇలా దాగి ఉండే మూలం లేదు కనుక, 12 వారాల మందుతో నూటికి 95 మందికి పైగా పూర్తిగా కోలుకుంటున్నారు. రక్తంలో కనిపించే వైరస్ పైపొర ప్రోటీన్, అంటే సర్ఫేస్ యాంటిజెన్, కూడా నెగెటివ్ అయ్యి, అది అలాగే నిలిచిందని తేలినప్పుడు మందు ఆపే విషయం మీ వైద్యుడితో మాట్లాడవచ్చు. అయితే అది కొద్దిమందిలోనే జరుగుతుంది.

అలాగని ఇన్నేళ్ల మాత్ర వృథా అనుకోవద్దు. 2013లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అధ్యయనంలో, మొదట సిరోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడటం) ఉన్న 96 మంది అయిదేళ్లు టెనోఫొవిర్ వాడాక మళ్లీ బయాప్సీ (కాలేయం ముక్క తీసి చేసే పరీక్ష) చేస్తే, వారిలో 71 మందికి సిరోసిస్ లేకుండా పోయింది. గట్టిపడిన కాలేయం మళ్లీ మెత్తబడదని ఏళ్ల తరబడి నమ్మిన వైద్యులకు ఇది ఎంతో ఆశ కలిగించిన ఫలితం. కాలేయ క్యాన్సర్ ముప్పు కూడా తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. సిరోసిస్ ఉన్నవారు, ఇంట్లో ఎవరికైనా ఆ క్యాన్సర్ వచ్చినవారు ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ తప్పక చేయించుకోవాలి.

నేల ఉసిరి మాట ఊరికే పుట్టలేదు. 1988లో మద్రాసు పరిశోధకులు దానితో మంచి ఫలితం వచ్చిందని ప్రకటించారు, కానీ తర్వాత ఇతరులు చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. మాత్రకు బదులుగా దాన్ని నమ్ముకోవడం ప్రమాదం.

టెనోఫొవిర్ కొందరిలో మూత్రపిండాల మీద, ఎముకల మీద ప్రభావం చూపుతుంది కనుక క్రియాటినిన్ పరీక్ష క్రమం తప్పకుండా చేయించుకోండి. తేడా వస్తే వైద్యుడు మందు మారుస్తారు. మద్యం పూర్తిగా మానండి. ఖర్చు భారమైతే, 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో మందు ఉచితంగా ఇస్తారు.

మీ భార్యకు, పిల్లలకు పరీక్ష చేయించారా? మీరు రాయలేదు. చేయించకపోతే ఈ వారమే చేయించండి, నెగెటివ్ వచ్చి, అంతకు ముందు టీకా పడనివారికి మూడు డోసులూ వేయించండి. కంచాలు, గ్లాసులు వేరు చేయనక్కర్లేదు. రేజరు, టూత్‌బ్రష్, గోళ్ల కత్తెర మాత్రం ఎవరివి వారికే ఉండాలి.