పది మ్యాచ్‌లు గెలిచిన అయోవా అఫెన్స్‌ని "పాతకాలం" అని ఎందుకు తిడతారు? ఆటలో అది ఎక్కడ కనిపిస్తుంది?

ఎమ్మెస్‌కి అయోవా సిటీ వచ్చారు, చుట్టూ అందరూ అయోవా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 2022, 2023 సీజన్ల అఫెన్స్‌ని (బంతి చేతిలో ఉన్నప్పుడు ఆడే దళాన్ని) ఇంకా తలుచుకుని తిడుతున్నారు, 2023లో పది గెలిచిన జట్టు మీద ఇంత కోపమేమిటని అడిగారు. ఆ పదీ గెలిపించింది అఫెన్స్ కాదు, అందుకే కోపం. 2023లో అయోవా సగటున మ్యాచ్‌కి 15.4 పాయింట్లే చేసింది. యార్డుల్లో సగటు 234.6, అంటే 133 కాలేజీ జట్లలో ఆఖరి స్థానం. డిఫెన్స్, పంటర్ (అఫెన్స్ ముందుకెళ్లలేనప్పుడు బంతిని దూరంగా తన్ని ఎదుటి జట్టుకి వదిలేసేవాడు) కలిసి బండి లాగారు. ఆ పంటర్ టోరీ టేలర్, మెల్బోర్న్ కుర్రాడు. ఆ ఒక్క సీజన్‌లో 93 పంట్లు, 4,479 యార్డులు తన్ని కాలేజీ రికార్డు కొట్టాడు. పంటర్‌కి రికార్డు వచ్చిందంటే అఫెన్స్ ఎన్నిసార్లు చేతులెత్తేసిందో వేరే చెప్పాలా?

2022 మొదటి మ్యాచ్ ఇంకా విచిత్రం. సౌత్ డకోటా స్టేట్ మీద 7-3తో గెలిచారు, టచ్‌డౌన్ (బంతిని ఎదుటివాళ్ల ఎండ్ జోన్‌కి, అంటే మైదానం చివరి పట్టీకి చేర్చడం) ఒక్కటీ లేదు. ఒక ఫీల్డ్ గోల్‌కి (బంతిని గోల్‌పోస్టుల మధ్య నుంచి తన్నడానికి) 3, రెండు సేఫ్టీలకి 4. సేఫ్టీ అంటే ఎదుటివాణ్ణి వాడి ఎండ్ జోన్‌లోనే పడగొట్టడం, అదీ డిఫెన్స్ పనే.

ఇక "పాతకాలం" అన్న మాట. చాలామంది క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని ఆట నడిపేవాడు) సెంటర్ (బంతి అందించే లైన్‌మన్) వెనకే నిలబడటం, ఫుల్‌బ్యాక్‌ని (పరుగెత్తేవాడికి దారి చేసే బ్యాక్‌ని) ఆడించడం చూసి పాతది అనేస్తారు. అది తప్పు. అయోవా ప్రధాన ఆయుధం ఔట్‌సైడ్ జోన్ పరుగు. ముందు వరసలో అడ్డుకునే లైన్‌మెన్ ఐదుగురూ ఒకే వైపు పక్కకి అడుగేస్తారు, బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ సైడ్‌లైన్ వైపు వెళుతూ ఎక్కడ సందు తెరుచుకుంటే అక్కడ కోసుకుని లోపలికి దూరతాడు. ఎన్ఎఫ్ఎల్‌లో (అమెరికా ప్రొఫెషనల్ లీగ్‌లో) కోచ్ షానహాన్ శిష్యులంతా ఆడేది ఇదే. ఆట పాతది కాదు, దానికి తోడు లేకపోవడమే జబ్బు.

బౌలర్‌తో పోల్చి చూడండి. అదే రన్నప్, అదే చెయ్యి, కానీ ఒకసారి యార్కర్, ఒకసారి స్లోవర్ బాల్ వస్తేనే బ్యాటర్ తడబడతాడు. ఔట్‌సైడ్ జోన్‌కి స్లోవర్ బాల్ బూట్‌లెగ్: బంతి ఇచ్చినట్టు నటించి క్వార్టర్‌బ్యాక్ అవతలి వైపు పరుగెత్తి పాస్ వేస్తాడు. మొదటి రెండు అడుగులూ అచ్చం పరుగులాగే ఉండాలి. అయోవాలో ఆ నటన ఉన్నా దానికి భయపడేవాళ్లు లేరు. పాస్ అందుకునే రిసీవర్లకి ఖాళీ దొరకదు, నటన అయ్యేలోపే క్వార్టర్‌బ్యాక్ వైపు దూసుకొచ్చే రష్ మీద పడుతుంది, క్వార్టర్‌బ్యాక్ అప్పటికింకా డిఫెన్స్‌కి వీపు చూపిస్తూ ఉంటాడు. ఇక సాక్, అంటే పాస్ వేయకముందే పడగొట్టేస్తారు.

భయం పోయాక ఏమవుతుందో వేళ్ల మీద లెక్క. ఐదుగురు లైన్‌మెన్, ఒక టైట్ ఎండ్ (లైన్ చివర నిలబడి అడ్డుకోవడం, పాస్ పట్టడం రెండూ చేసేవాడు), ఒక ఫుల్‌బ్యాక్, మొత్తం ఏడుగురు బ్లాకర్లు, అంటే అడ్డుకునేవాళ్లు. పాస్ భయం లేని డిఫెన్స్ వెనకున్న సేఫ్టీ అనే ఆటగాణ్ణి (పాయింట్లిచ్చే సేఫ్టీ వేరు) ముందుకి దించి బంతి దగ్గర ఎనిమిది మందిని పెడుతుంది. ఎనిమిదోవాణ్ణి ఆపేవాడుండడు. పది యార్డులు సాధించడానికి నాలుగు అవకాశాలుంటాయి, ఒక్కోటి ఒక డౌన్. మొదటి డౌన్‌లో 2 యార్డులు, రెండో దాంట్లో ఇంకో 2, మూడో డౌన్‌కి 6 కావాలి. ఇప్పుడు పాస్ వేస్తారని స్టేడియంలో మొక్కజొన్న పొత్తులు తినేవాడికీ తెలుసు. మూడో డౌన్‌లో పడే తిట్లలో సగం నిజానికి మొదటి డౌన్‌కి చెందాలి.

రెండో లోటు మోషన్. బంతి కదలకముందే ఒక రిసీవర్‌ని అటు నుంచి ఇటు నడిపించారనుకోండి. వాడి వెంట ఒక డిఫెండర్ వస్తే దాదాపుగా మ్యాన్ కవరేజ్ (మనిషికో మనిషి కాపలా), ఎవరూ రాకుండా అందరూ ఒక అడుగు సర్దుకుంటే జోన్ కవరేజ్ (చోటుకో మనిషి కాపలా). ఖర్చు లేకుండా వచ్చే సమాచారం ఇది. పైగా డిఫెన్స్ సర్దుకునేలోపు బంతి స్నాప్ చేస్తే (సెంటర్ బంతి అందించి ఆట మొదలుపెడితే) ఒక వైపు మనిషి తక్కువ పడతాడు. అప్పటి అయోవా దీన్ని పొదుపుగా వాడింది.

మీరే లెక్క కట్టాలంటే ఒక కాగితం చాలు. ప్రతి ఆటకీ (బంతి స్నాప్ అయిన ప్రతిసారీ) డౌన్, కావలసిన యార్డులు, పర్సనెల్ (మైదానంలో ఎవరెవరున్నారు), పరుగా పాసా, ఎన్ని వచ్చాయి అని రాయండి. పర్సనెల్ రెండంకెల్లో చెబుతారు: మొదటిది బ్యాక్‌లు, రెండోది టైట్ ఎండ్‌లు, ఐదులో మిగిలినవాళ్లు రిసీవర్లు. అంటే 21 అంటే ఇద్దరు బ్యాక్‌లు, ఒక టైట్ ఎండ్, ఇద్దరు రిసీవర్లు. మొదటి డౌన్‌లో కావలసిన దాంట్లో సగం, రెండో డౌన్‌లో 70 శాతం, ఆ తర్వాత మొత్తం వస్తేనే ఆ ఆట నెగ్గినట్టు. ఒక పర్సనెల్‌లో పదికి తొమ్మిది సార్లు పరుగే పడుతుంటే ఎదుటి కోచ్ దగ్గరా అదే కాగితం ఉంటుందని గుర్తుంచుకోండి. స్కోరు బాగా తేడాగా ఉన్న చివరి క్వార్టర్ ఆటలు మాత్రం కలపకండి, లెక్క చెడిపోతుంది.

కోపానికి ఇంకో మూలం ఇంటిపేరు. హెడ్ కోచ్ కర్క్ ఫెరెంజ్ 1999 నుంచి ఉన్నారు. 2017 నుంచి అఫెన్స్ చూసింది ఆయన కొడుకు బ్రయన్. బంధువుల నిబంధన వల్ల కొడుకు కాగితం మీద రిపోర్ట్ చేసేది తండ్రికి కాదు, యూనివర్సిటీ క్రీడలన్నీ చూసే అథ్లెటిక్ డైరెక్టర్‌కి. 2023లో జీతం 50 వేల డాలర్లు తగ్గించి కాంట్రాక్ట్‌లో షరతు పెట్టారు: కనీసం ఏడు విజయాలు, సగటున మ్యాచ్‌కి 25 పాయింట్లు. 13 మ్యాచ్‌లకి 325. నా దృష్టిలో అది తెలివితక్కువ షరతు. డిఫెన్స్ చేసిన టచ్‌డౌన్లు, పంట్ రిటర్న్‌లు (ఎదుటివాళ్లు తన్నిన బంతిని పట్టుకుని వెనక్కి పరుగెత్తి చేసిన స్కోర్లు) కూడా అందులోకే వస్తాయి. వాళ్లు కొలిచింది అఫెన్స్‌ని కాదు, స్కోర్‌బోర్డుని. చివరికి 2023 అక్టోబర్ 30న, జట్టు 6-2తో ఉండగానే, సీజన్ తర్వాత ఆయన కొనసాగరని తాత్కాలిక డైరెక్టర్ బెత్ గెట్జ్ ప్రకటించారు.

అవతలి పక్షం కూడా చెప్పాలి. ఇదే బ్రయన్ మొదటి ఏడాది ఒహాయో స్టేట్ మీద 55 కొట్టారు. హాకెన్సన్, ఫాంట్ అనే ఇద్దరు టైట్ ఎండ్‌లూ 2019 డ్రాఫ్ట్‌లో (ఎన్ఎఫ్ఎల్ జట్లు ఆటగాళ్లని ఎంచుకునే కార్యక్రమంలో) మొదటి రౌండ్‌లోనే ఎన్ఎఫ్ఎల్‌కి వెళ్లారు. 2023లో క్వార్టర్‌బ్యాక్ మెక్‌నమారాతో పాటు ముఖ్యమైన టైట్ ఎండ్‌లిద్దరూ గాయపడ్డారు. కానీ మనుషులు పోయినప్పుడు పద్ధతి ఆదుకోవాలిగా. మిషిగన్ చేతిలో 26-0, టెనెసీ చేతిలో 35-0. ఆట మొదట్లోనే వెనకబడితే తిరిగి అందుకునే దారే లేని అఫెన్స్ అది.

2024లో అఫెన్స్ చూడటానికి బ్రయన్ స్థానంలో టిమ్ లెస్టర్ వచ్చారు. ఔట్‌సైడ్ జోన్‌ని తీసేయలేదు, దానికి మోషన్ జోడించారు. రన్నింగ్ బ్యాక్ కేలెబ్ జాన్సన్ 1,537 యార్డులు పరుగెత్తి, ఆ పరుగుల్లోనే 21 టచ్‌డౌన్లు చేశాడు, మ్యాచ్‌కి పాయింట్ల సగటు 27.7కి ఎక్కింది. పాసింగ్ మాత్రం అంతంతమాత్రమే, అందుకే 2025కి బయటి నుంచి క్వార్టర్‌బ్యాక్‌ని తెచ్చుకున్నారు. పేరు మార్క్ గ్రొనౌస్కీ. ఎక్కడివాడనుకున్నారు? ఆ 7-3 మ్యాచ్‌లో సౌత్ డకోటా స్టేట్ తరఫున ఆడినవాడే.