పాత రైలు కిట్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: కట్టని కిట్‌మాస్టర్ ఇంజన్ కిట్ ఒకటి అమ్మకానికి కనిపించింది. పెట్టె మూత ఇదివరకే తెరిచి ఉంది. కొనేముందు ఏమేం చూసుకోవాలి? కొన్నాక కట్టేయొచ్చా, అలాగే దాచుకోవాలా?

జవాబు: పెట్టె మీది బొమ్మకు ముచ్చటపడేముందు లోపలి సరుకు ఆ పెట్టెదేనా అని చూడండి. కిట్‌మాస్టర్ పేరుతో ప్లాస్టిక్ కిట్లను 1959లో మొదలుపెట్టింది ఇంగ్లండ్‌లోని రాండ్స్‌లో ఆడపిల్లల బొమ్మలు చేసే రోజ్‌బడ్ డాల్స్ సంస్థ. 1962 చివరికి అచ్చులు ఎయిర్‌ఫిక్స్ చేతికి వెళ్ళాయి. 1980లలో డాపోల్ చేతికి వచ్చాయి. అంటే ఒకే ఇంజన్ మూడు రకాల పెట్టెల్లో దొరకవచ్చు. రాకెట్, హారో, బాటిల్ ఆఫ్ బ్రిటన్, ఈవెనింగ్ స్టార్ లాంటి ఇంజన్లు మళ్ళీ తయారయ్యాయి. అందుకే తొలి పెట్టెలో తర్వాతి కాలపు ముక్కలు సర్ది అమ్మడం జరుగుతుంది. సూచనల కాగితం మీద ఏ సంస్థ పేరుందో చూస్తే చాలావరకు తేలిపోతుంది.

తర్వాత లెక్క. సూచనల కాగితం దగ్గర పెట్టుకుని ఒక్కో నంబరుకూ టిక్కు కొట్టండి. ఎక్కువగా పోయేవి పెద్ద ముక్కలు కావు. బఫర్లు (ఇంజన్ కొసల్లో గుద్దుడు తట్టుకునే ముక్కలు), మెట్లు, కనెక్టింగ్ రాడ్లను పట్టి ఉంచే చిన్న పిన్నులు, కిటికీల పారదర్శక ముక్కలు. ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేమ్ నుంచి ఊడి అడుగున పడ్డవాటిని కూడా లెక్కలోకి తీసుకోండి. ముక్కలను మెత్తటి పీవీసీ సంచిలో ఉంచి ఉంటే బాగా పరిశీలించాలి. పీవీసీలోని మెత్తబరిచే రసాయనం మెల్లగా కిట్ ప్లాస్టిక్ అయిన పాలీస్టైరీన్‌లోకి దిగి, తగిలినచోటల్లా కరిగిన మచ్చ వేస్తుంది. మీరు దాచేటప్పుడూ ఆ సంచులు వద్దు, పాలిథీన్ వాడండి.

కట్టాలా వద్దా అంటారా? అన్ని ముక్కలూ ఫ్రేములకే అంటుకుని, కాగితమూ డెకాల్సూ (నీళ్ళలో నానబెట్టి అతికించే గుర్తులు, అంకెలు) చెక్కుచెదరకుండా ఉంటే మేమైతే ముట్టుకోం. నాలుగైదు ముక్కలు లేని కిట్‌ను మాత్రం నిక్షేపంగా కట్టుకోండి. లోటు ముక్కలకు ఎవరో కట్టి విరగ్గొట్టిన అదే మోడల్ చవగ్గా దొరికితే సరిపోతుంది. ఒక హెచ్చరిక: అన్నీ ఒకే స్కేలు కావు. బ్రిటిష్ ఇంజన్లు చాలావరకు అసలు ఇంజన్ అడుగుకు 4 మిల్లీమీటర్ల ఓఓ స్కేలు, ఐరోపా ఖండపు ఇంజన్లు 3.5 మిల్లీమీటర్ల హెచ్ఓ. కొన్ని పెట్టెలు అడుగుకు 3 మిల్లీమీటర్ల టీటీ స్కేలులో వచ్చాయి.

ప్రశ్న: ఎవరో జిగురుతో వంకరగా కట్టిన వైట్‌మెటల్ (సీసం, తగరం కలిసిన మెత్తటి పోతలోహం) ఇంజన్ నా చేతికొచ్చింది. ముక్కలు చెడకుండా విడదీసి మళ్ళీ కట్టడం ఎలా?

జవాబు: మోటారు, చక్రాలు, ప్లాస్టిక్‌వన్నీ ముందు తీసేయండి. మిగిలిన లోహపు భాగాన్ని వంటకు వాడని పాత గిన్నెలో వేసి మరిగే నీళ్ళు పోయండి. ఎపాక్సీ జిగురు ఆ వేడికి పట్టు వదులుతుంది. పది నిమిషాలాగి, చేతి తొడుగులతో అతుకు దగ్గర మెల్లగా అటూ ఇటూ కదపండి. రాకపోతే మళ్ళీ మరిగే నీళ్ళే తప్ప చాకు దూర్చి పెళ్ళగించవద్దు. వైట్‌మెటల్ మెత్తన, అంచు ఒకసారి వంగితే సరిచేయడం నరకం. సూపర్‌గ్లూతో అతికించి ఉంటే మూత గట్టిగా పట్టే గాజు సీసాలో అసిటోన్ పోసి రాత్రంతా ఉంచాలి. దాంతో పాత రంగూ ఊడుతుంది. నిప్పుకు దూరంగా, గాలి ఆడేచోట చేయండి.

విప్పేటప్పుడు ముక్కలన్నీ ఒక్కసారిగా విడిపోయాయంటే అది జిగురు కాదు, 70 డిగ్రీలకే కరిగే సోల్డర్ (లోహాలను అతికే లోహం). మరిగే నీళ్ళలో అది కరిగిపోతుంది. గిన్నె అడుగున వెండిరంగు గోళీలు కనిపిస్తాయి. ఆ సోల్డర్‌లో సీసం, చాలా రకాల్లో కాడ్మియం కూడా ఉంటాయి కాబట్టి ఆ నీళ్ళూ గిన్నే వంటింటి దరిదాపులకు రాకూడదు.

మళ్ళీ కట్టేటప్పుడు పెద్ద అతుకులకు సోల్డరే మా ఓటు. తప్పు చేస్తే మళ్ళీ విప్పుకోవచ్చు. అతుకు ముఖాలను మెరిసేదాకా గీకి, సోల్డర్ బాగా పట్టేలా చేసే ఫాస్ఫారిక్ యాసిడ్ ఫ్లక్స్ రాసి, వేడి తగ్గించుకోగల సోల్డరింగ్ ఐరన్‌ను 150 డిగ్రీల చుట్టూ పెట్టుకోండి. మామూలు ఎలక్ట్రానిక్స్ ఐరన్ 300 డిగ్రీలు దాటుతుంది. ఒక్క క్షణం ఆగితే బఫర్ బీమ్ (బఫర్లు ఉండే అడ్డపట్టీ) మూల జారిపోయి నీటిబొట్టులా వేలాడుతుంది. సోల్డర్‌ను ఐరన్ మొనమీద తీసుకుని అతుకుకు తాకించి, పారగానే వెనక్కి తీసేయాలి. ఇత్తడికి వైట్‌మెటల్ అతకాలంటే 70 డిగ్రీల సోల్డర్ ఇత్తడిని నేరుగా పట్టదు. ఇత్తడి మీద ముందు 145 డిగ్రీల సోల్డర్ పూత వేయాలి, తర్వాత రెండూ కలపాలి. పొగగొట్టం, బాయిలర్ మీది గుమ్మటం (డోమ్), దీపాల లాంటి చిన్నవాటికి మాత్రం ఎపాక్సీ చాలు.

వరుస కూడా ముఖ్యం. మొదట చాసిస్ (చక్రాలుండే అడుగు చట్రం). అది పట్టాల మీద ఎక్కడా పట్టేయకుండా తిరిగేదాకా బాడీ జోలికి పోవద్దు. ప్రతి ఇరుసుకూ ఒకవైపు చక్రం క్రాంక్ పిన్ (కనెక్టింగ్ రాడ్ తగిలే పిన్ను) రెండోవైపుదానికి 90 డిగ్రీల తేడాలో ఉండాలి, అన్ని ఇరుసులకూ ఆ తేడా ఒకేలా ఉండాలి. ఏ ఒక్కటి కాస్త తప్పినా చక్రం తిరిగే ప్రతిసారీ అదే చోట తట్టుకుంటుంది. తర్వాత ఫుట్‌ప్లేటును (బాయిలర్ కింద ఉండే పొడవాటి పలకను) గాజుపలక మీద పెట్టి ఊగుతోందో లేదో చూడండి. ఊగితే వేళ్ళతోనే కొద్దికొద్దిగా సరిచేయొచ్చు. బాయిలర్ రెండు సగాలుగా వచ్చే పాత కిట్లలో అతుకు గీత తప్పదు. సోల్డర్ నింపి ఆకురాయితో సాపు చేయండి. ఆకురాయి పళ్ళలో లోహం ఇరుక్కోకుండా ముందే సుద్ద రుద్దండి. పనయ్యాక కొంచెం వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్ళతో కడగాలి. ఫ్లక్స్ మిగిలితే నెలల తర్వాత రంగు కింద పొక్కులు లేస్తాయి.

ప్రశ్న: అద్దాల బీరువాలోని వైట్‌మెటల్ వ్యాగన్ మీద తెల్లటి పొడి పడుతోంది. రెండో ప్రపంచయుద్ధానికి ముందటి ఇంకో ఇంజన్ పగుళ్ళిస్తోంది. ఇది ఒకదాని నుంచి ఇంకొకదానికి అంటుకుందా?

జవాబు: అంటుకోలేదు. రెండూ వేరు జబ్బులు. వ్యాగన్ మీద పొడి సీసపు కార్బొనేట్. ఓక్ చెక్క, ఎండీఎఫ్ పలకలు విడిచే అసిటిక్ యాసిడ్ ఆవిరి, తేమ కలిస్తే వైట్‌మెటల్‌లోని సీసాన్ని తినేస్తాయి. నేరం మీ బీరువాది. ఆ పొడి విషం. ఊదవద్దు, పొడి బ్రష్‌తో దులపవద్దు. మాస్కు, తొడుగులు వేసుకుని తడిగుడ్డతో తుడిచి, నీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాక లోపలా బయటా ప్రైమర్ వేయండి. చాలామంది బయటే వేస్తారు, లోపలినుంచి మళ్ళీ మొదలవుతుంది. తర్వాత లోహపు బీరువాలోనో, పాలీప్రొపిలీన్ డబ్బాలో సిలికా జెల్‌తోనో దాచండి.

ఇంజన్‌కు వచ్చింది జింక్ తెగులు. పోత పోసేటప్పుడు జింక్ మిశ్రమంలో అతి కొద్దిగా సీసం కలిసినా, ఏళ్ళ తరబడి తేమకు లోహపు రేణువుల మధ్య తుప్పు పాకి భాగం ఉబ్బుతుంది, పగులుతుంది, చివరికి పిండవుతుంది. మందు లేదు. ఉబ్బిన భాగం పక్కవాటిని వంచకముందే తీసేసి, మారు భాగం వేయడమొక్కటే దారి. రెండు లోహాల్లో ఏది ఏదో తెలియకపోతే కనపడనిచోట చాకు మొనతో గీయండి. వైట్‌మెటల్ సులువుగా తెగుతుంది. జింక్ గట్టిగా ఉంటుంది, వంచితే వంగక విరుగుతుంది.

ప్రశ్న: డెకాల్ షీటు పసుపుబారిపోయింది. వాడొచ్చా?

జవాబు: వాడొచ్చు, కానీ ముందు స్కాన్ చేసి ఉంచుకోండి. షీటును జిప్ సంచిలో పెట్టి ఎండ పడే కిటికీ అద్దానికి అతికించండి. రోజూ చూస్తూ వారం దాకా ఉంచితే పసుపు చాలావరకు పోతుంది. ఎర్ర రంగులు వెలుస్తున్నట్టు కనిపిస్తే తీసేయండి. తర్వాత అక్కర్లేని ఒక అంకెను నీళ్ళలో వేసి పరీక్షించండి. అది ముక్కలైతే షీటంతా డెకాల్ ఫిల్మ్ ద్రవంతో ఒక పూత వేయాలి. పూత షీటంతా ఒకే పొర అవుతుంది కాబట్టి ఒక్కో గుర్తునూ అంచుకు దగ్గరగా కత్తిరించుకోవాలి. మ్యాట్ రంగు మీద అతికిస్తే కింద గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది. నిగనిగలాడే (గ్లాస్) రంగు పూత మీదే వేయండి.

ప్రశ్న: ప్లాస్టిక్ చక్రాల పాత రైలు పెట్టె పాయింట్ల దగ్గర (పట్టాలు దారి మారేచోట) పదేపదే పడిపోతోంది.

జవాబు: లోహపు చక్రాలు వేయండి. ఓఓలో ప్రయాణికుల పెట్టెకు 14 మిల్లీమీటర్ల వ్యాసం, గూడ్సు వ్యాగన్‌కు 12. మొనదేరిన ఇరుసు 26 మిల్లీమీటర్లు, చక్రాల లోపలి ముఖాల మధ్య 14.5 మిల్లీమీటర్లు ఉండాలి. పాయింట్ల దగ్గర పట్టాలు తప్పించేది ఎక్కువగా ఈ కొలతలో తేడాయే. ఇరుసు కూర్చునే పాత రంధ్రాలను 2 మిల్లీమీటర్ల డ్రిల్‌తో చేత్తోనే తిప్పి సరిచేసి, ఇత్తడి బేరింగులు దించండి. మిషన్ వాడితే ప్లాస్టిక్ కరుగుతుంది. ఒక బోగీ (పెట్టె కింద చక్రాలుండే చిన్న బండి) పక్కలకు ఊగాలి, రెండోది ముందుకూ వెనక్కూ మాత్రమే. రెండూ అన్నివైపులా ఊగితే పెట్టె ఒరుగుతుంది. ఇరుసుకు 25 గ్రాముల లెక్కన, నాలుగు ఇరుసుల పెట్టెకు మొత్తం 100 గ్రాములు రావాలి. బరువు నేలకు దగ్గరగా, బోగీల పైన పెట్టండి.

ప్రశ్న: ఆ బరువుకు సీసపు గుళ్ళను ఫెవికాల్ లాంటి తెల్ల జిగురుతో అతికించవచ్చా?

జవాబు: వద్దు. మూసుకుపోయిన చోట తెల్ల జిగురు విడిచే యాసిడ్‌కు సీసం కార్బొనేట్‌గా మారి ఉబ్బుతుంది. కొన్నేళ్ళకు బాయిలర్‌నే చీల్చేస్తుంది. ఎపాక్సీ వాడండి. ఇప్పటికే తెల్ల జిగురు పోసి ఉంటే, ప్లాస్టిక్ తెల్లబారకముందే గుళ్ళను బయటికి తీసేయండి.