ముగింపు తెలిసినట్టు రాయకు

అమ్మాయికి ఆశీస్సులు.

పోలెండ్, ఉక్రెయిన్‌ల నడుమ ఉన్న గలీషియాలో 1920లో ఎర్ర సైన్యం అండతో ఏర్పడిన సోవియట్ ప్రభుత్వం మీద నీ వ్యాసం మొన్న సాయంత్రం అందింది. ‘చరిత్ర పుటల్లో మెరుపులా మెరిసి మాయమైన స్వల్పాయుష్షు రాజ్యం గలీషియా సోవియట్ రిపబ్లిక్’ అన్న మొదటి వాక్యం చదివి, కోపమొచ్చి పక్కన పడేశాను. రాత్రి నిద్ర పట్టక మళ్లీ తీశాను. పోలిష్, ఉక్రేనియన్, యిడ్డిష్ భాషలు మూడింటికీ ఆ ప్రభుత్వం సమాన హోదా ఇచ్చిందని మూడో పేజీలో రాశావు. నన్ను లేపి కూర్చోబెట్టింది ఆ మాటే. అంత మాటను ఒక్క వాక్యంతో తేల్చేసి, మళ్లీ తేదీల వెంట పరుగెత్తావు.

ముందు ‘స్వల్పాయుష్షు’ కొట్టెయ్. అది చావు కబురు విన్నవాళ్లు అనే మాట. 1920 ఆగస్టులో, ఆ రిపబ్లిక్ రాజధాని తర్నోపోల్ బజారులో నిలబడిన మనిషికి ఇది రెండు నెలల ముచ్చటని ఎవరు చెప్పారు? ఆరేళ్ల కింద అతను ఆస్ట్రియా చక్రవర్తి ప్రజ. తర్వాత రష్యా జారు సైన్యం వచ్చింది, పోయింది. 1918 నవంబరులో పశ్చిమ ఉక్రెయిన్ ప్రజా రిపబ్లిక్ అన్నారు. మరుసటి ఏడు పోలెండ్ వచ్చింది. ఇప్పుడు ఎర్ర సైన్యం. ఏ జెండా ఎన్నాళ్లుంటుందో తెలియక, వచ్చిన ప్రతి జెండాకూ తలుపు తీసి నిలబడ్డ మనిషి అతను. నీ వ్యాసంలో అతను లేడు. జాతోన్‌స్కీ ఉన్నాడు, ఆయన నడిపిన గలీషియా విప్లవ కమిటీ ఉంది, పెద్ద భూస్వాముల భూములు జప్తు చేసిన శాసనం ఉంది. ఆ శాసనం విన్న రైతేడీ?

నా సంగతి ఒకటి చెబుతాను. 1974లో సూర్యాపేట దగ్గర ఒక పల్లెకు వెళ్లాను. సాయుధ పోరాట కాలంలో గ్రామ కమిటీ పంచిన భూమిలో ఎకరంన్నర దక్కిన ఒకామెతో మాట్లాడాను. భూమి చేతికొచ్చిన రోజు సంబరం గురించి అడిగితే, చేట పక్కన పెట్టి చాలాసేపు ఊరుకుంది. తర్వాత, ‘గింజలు సగమే చల్లాము బాబూ. మిగతా సగం అటక మీద దాచాము. కోతకు ఎవరు వస్తారో ఎవరికి తెలుసు?’ అంది. 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యాలు వచ్చాక దొర తిరిగొచ్చాడు. ఆ మాటే నా వ్యాసానికి ప్రాణమనుకున్నాను. ఒక వారపత్రిక సంపాదకుడు ఉద్యమ స్ఫూర్తికి భంగమని సరిగ్గా దాన్నే కోసేసి, ఎకరాల లెక్కలు మాత్రం వేశాడు. యాభై ఏళ్లయింది, ఆ కోత నాకింకా మానలేదు.

గలీషియాలోనూ సెప్టెంబరు రై అనే, గోధుమ లాంటి ధాన్యం చల్లే నెల. దొర భూమి నీదే అన్న సైన్యమే గుర్రాన్నీ ధాన్యాన్నీ పట్టుకుపోతుంటే, ఆ రైతు గింజలు పట్టుకుని గట్టు మీద ఏమనుకుని ఉంటాడో ఆలోచించు. అప్పుడు భూమి శాసనం గురించి రాయి.

ఇంకొకటి. 1920 ఏప్రిల్‌లో పెట్ల్యూరా వార్సా ఒప్పందంలో తూర్పు గలీషియాను పోలెండ్‌కు వదిలేసిన సంగతి నువ్వు తోకలో పెట్టావు. అది ముందుకు రావాలి. సాటి ఉక్రేనియన్ నాయకుడే చేయి వదిలేశాక, అక్కడి ఉక్రేనియన్లలో కొందరు తర్నోపోల్ కమిటీ వైపు ఎందుకు చూశారో పాఠకుడికి అప్పుడే అర్థమవుతుంది.

ఊరి పేరు కూడా సరిచూసుకో. తూర్పు గలీషియాలోని ఆ పెద్ద నగరాన్ని అంతటా ల్వివ్ అనే రాశావు. పోల్‌కు అది ల్వూఫ్, రష్యన్‌కు ల్వోవ్, పాత ఆస్ట్రియా గుమాస్తాకు లెంబెర్గ్. ఎవరి నోట వస్తే వాళ్ల పేరే రానివ్వు. ఆ ఊరు రేపో మాపో చేతికొస్తుందని తర్నోపోల్‌లో ఎదురుచూశారు. ఆగస్టు మధ్యలో ఎర్ర సేనాని బుద్యోన్నీ అశ్విక సైన్యం దాని పొలిమేరల దాకా వచ్చి, వెనక్కి తిరిగింది. ఆ ఎదురుచూపుకు రెండు పేజీలివ్వు. తూర్పు గలీషియాను చివరికి పోలెండ్‌కు ఖాయం చేసిన రీగా ఒప్పందానికి ఒక్క వాక్యం చాలు.

చివర్లో ఇవాళ్టి యుద్ధాన్ని తెచ్చి అతికించావు, తీసెయ్. ఈ మధ్య ఏ చరిత్ర వ్యాసం చూసినా ‘మరుగున పడిన’ అని మొదలై, నిన్నటి వార్తతో ముగుస్తోంది. వందేళ్ల కిందటి మనిషికి మన వార్తతో పనేముంది?

జాతోన్‌స్కీని 1938లో కాల్చి చంపారన్న సంగతి, ఆయన తర్నోపోల్ చేరిన పేరాలోనే చెప్పేశావు. ఆ వేసవిలో ఆయనకు ముప్పై రెండేళ్లు. ముందున్నది ల్వోవ్ అనుకుంటున్నాడు. అలాగే అనుకోనివ్వు.

తిరగరాసి దీపావళిలోపు పంపు. ఆ రిపబ్లిక్ ముగిసిన సెప్టెంబరు 21 అన్న తేదీ చివరి పేజీలో తప్ప ఎక్కడా కనిపించకూడదు.